ఒకసారి కట్టిన సముద్రం

పరాంకుశం మాస్టారికి ఒక అలవాటు ఉండేది. శిష్యుడెవరైనా ప్రశ్న అడిగితే ఆయన నోరు తెరిచేవారు కారు, చెప్పులు తొడుక్కునేవారు. అడిగినవాడు గొడుగో మంచినీళ్ళ సీసావో పట్టుకుని వెనకాల నడవాల్సిందే. ఒక్కోసారి వీధి మలుపు తిరిగేసరికే జవాబు దొరికేది. ఒక్కోసారి పొద్దుగూకి ఇల్లు చేరినా దొరికేది కాదు, మర్నాడు పళ్ళు తోముకుంటుంటే తట్టేది. అందుకే ఆయన దగ్గర చదువుకున్నవాళ్ళు ఎండాకాలంలో ప్రశ్నలు తగ్గించుకునేవారు. హాస్యానికి అనడం లేదు, నేను విన్నదే చెబుతున్నాను.

ఆయన నేర్పేది సముద్రం లెక్కలు. రేవుకి ఆనుకుని ఒక పెంకుటిల్లు, రెండు గదులు, నాలుగు కంప్యూటర్లు, అయిదారుగురు శిష్యులు. ప్రవాహం ఎటు లాగుతోంది, గాలి ఎటు తోస్తోంది, చెయ్యిజారిన పడవ ఈపాటికి ఎక్కడికి కొట్టుకుపోయి ఉంటుంది, ఇవీ అక్కడి పాఠాలు. ఆ శిష్యుల్లో తవిటినాయుడు అందరికన్నా నిదానస్తుడు, అందరికన్నా నమ్మకస్తుడు. లెక్క తప్పితే అన్నం సయించదు అతనికి. అలాంటివాడి చేతుల్లోంచే ఈ పాపం జరగడం చూస్తే, జాగ్రత్త అనేది కూడా ఒక్కోసారి మనిషిని ముంచుతుందేమో అనిపిస్తుంది నాకు.

మొదట్లో ఒకసారి నాయుడు తప్పు చేశాడు. ముందురోజు కట్టిన ప్రవాహాల పటాన్నే తీసి మర్నాటి లెక్కకి వాడేశాడు. మాస్టారు అందరి ముందూ తిట్టారు. "నిన్నటి సముద్రంలో ఇవాళ్టి పడవని వెతుకుతావా?" అన్నారు. అంతే. ఆ మాట నాయుడి గుండెలో మేకులా దిగిపోయింది. ఆనాటి నుంచి అతను ఏ లెక్కా దాచుకునేవాడు కాదు. ఏది అడిగినా, ఎన్నిసార్లు అడిగినా, మళ్ళీ మొదటి నుంచి కట్టుకు రావలసిందే. ఆలస్యం అవుతోందిరా అని తోటివాళ్ళు గొణిగితే, "మొదట్నించీ చేస్తేనే తప్పు రాదు" అనేవాడు. అది అతనికి ఒక వ్రతం అయిపోయింది.

తప్పిపోయిన పడవల కోసం అతను రాసిన ప్రోగ్రాము కూడా అలాంటిదే. అందులో రెండు పనులు. మొదటిది, పడవ తప్పిపోయిన నాటి నుంచి మూడు రోజుల సముద్రాన్ని కట్టడం. ఏ చోట ప్రవాహం ఎటు, ఎంత జోరు అని పటం వెయ్యడం. దానికి పదకొండు నిమిషాలు పట్టేది. రెండోది, ఆ పటం మీద పడవని వదిలి ఎటు పోతుందో చూడడం. అది కన్ను మూసి తెరిచేలోగా అయిపోయేది. తెర మీద అడుగున ఒక స్లైడరు పెట్టాడు, గీత మీద అటూ ఇటూ జరిగే గుండీ. పడవ ఎంత మునిగి ఉందో చెప్పడానికి అది. పడవ నీటిపైన తేలుతుంటే గాలి తోసుకుపోతుంది, మునిగి ఉంటే ప్రవాహం లాక్కుపోతుంది. గుండీ ఎంత జరిపినా సముద్రం మారదు కదా, మారేది పడవే. కానీ నాయుడి ప్రోగ్రాము గుండీ వెంట్రుకవాసి కదిలినా చాలు, సముద్రాన్ని పూర్తిగా చెరిపేసి పదకొండు నిమిషాల పని మళ్ళీ మొదలుపెట్టేది. మాస్టారు దాన్ని పరీక్షించారు. గుండీ ఒక్కచోట పెట్టి, టీ తాగి వచ్చి, జవాబు సరిచూసుకుని, బాగుందన్నారు. గుండీని జరిపి చూడలేదు.

శివరాత్రి వెళ్ళిన వారం, సోమవారం మధ్యాహ్నం, ముత్తెమ్మపేట ఎల్లాజీ పడవ నడిసముద్రంలో బోర్లాపడింది. పడవలో ఇద్దరు. తోటివాణ్ణి పొద్దుగూకేవేళ ఇంకో పడవవాళ్ళు నీళ్ళలోంచి లాగారు. ఎల్లాజీ బోర్లాపడ్డ పడవ మీద ఎక్కి కూర్చున్నాడనీ, తాను మాత్రం అలకి జారిపోయాననీ అతను చెప్పాడు. మంగళవారం పొద్దున్న పది గంటలకి గాలింపు బోట్లు సిద్ధంగా ఉన్నాయి. వాటిని పంపే ఆఫీసు గదిలో నాయుడి ప్రోగ్రాము ఉంది. పడవ ఎంత మునిగి ఉంటుందో ఎవరికీ తెలియదు గనక అక్కడి అధికారి గుండీ పట్టుకుని పావు నుంచి ముప్పావు దాకా మెల్లగా జరిపాడు. దారిలో నలభై మెట్లు. ఒక్కొక్క మెట్టుకీ ఒక్కొక్క సముద్రం. నలభై పదకొండ్లు ఎన్ని నిమిషాలో మీరే లెక్కేసుకోండి, ఏడు గంటలు దాటుతుంది. తెర బిగుసుకుపోయింది. కదలడం లేదేమని ఆయన గుండీని మళ్ళీ వెనక్కి జరిపాడు. ఇంకో నలభై.

బోట్లు ఎంతసేపని ఆగుతాయి? గాలి దక్షిణానికి ఉంది కదా అని దక్షిణానికి పంపారు. మంగళవారం, బుధవారం దక్షిణమే గాలించారు. గురువారం ఉత్తరాన, ఎవరూ వెతకని చోట, ఒక మరపడవవాళ్ళకి ఎల్లాజీ పడవ కనిపించింది, ముప్పావు వంతు మునిగి. అడుగుచెక్కకి అతని చొక్కా జెండాలా కట్టి ఉంది. తాడు రెండు చుట్లు చుట్టి ఉంది. చెక్క మీద మేకుతో గీసిన గీతలు రెండున్నాయి. మంగళవారం తెల్లవారినందుకు ఒకటి, బుధవారం తెల్లవారినందుకు ఒకటి అని చూసినవాళ్ళందరికీ అర్థమైంది. మూడో గీత లేదు. మనిషీ లేడు.

నాయుడు పది రోజులు సరిగా తినలేదు. పదకొండో రోజు పొద్దున్న మాస్టారు చాప మీద కూర్చుని ఉండగా వచ్చి గుమ్మంలోనే నిలబడ్డాడు.

"మాస్టారూ, మన యంత్రం చిన్నదండి. ఇంకా పెద్ద యంత్రం ఉండి ఉంటే అతను బతికేవాడాండీ?"

ఆడలేక మద్దెల ఓడన్నట్టు ఉంది కదా ప్రశ్న. కానీ నాయుడు యంత్రం మీద నేరం మోపడానికి రాలేదు, పాపం. ఆ నేరం ఎక్కడో ఒకచోట దించుకోకపోతే మోయలేక చచ్చిపోయేలా ఉన్నాడు. మాస్టారు లేచి చెప్పులు తొడుక్కున్నారు.

బస్సులో గంట ప్రయాణం. దిగింది ఒక ఆఫీసు ముందు. ఏ ఆఫీసో పేరెందుకు లెండి, అలాంటివి చాలా ఉన్నాయి. లోపల వరండాలో ఒక బల్ల, బల్ల వెనక కూర్మారావనే పెద్ద గుమస్తా, బల్ల ముందు ముక్కాలిపీట మీద ఒక ఆడమనిషి. నలభై ఏళ్ళుంటాయి. ఆవిడ ఎవరో నాయుడికి తెలియదు. కూర్మారావు కాగితం మీద రాసుకుంటూ "మైలపిల్లి కొర్లమ్మ, భర్త ఎల్లాజీ" అని పైకి చదివాడు. నాయుడు వెనక్కి తిరగబోతే మాస్టారు చెయ్యి పట్టుకుని బెంచీ మీద కూర్చోబెట్టారు. జేబులోంచి చిన్న పుస్తకం తీసి తాను కూడా కూర్చున్నారు.

మనిషి తప్పిపోయాడని కొర్లమ్మ వాంగ్మూలం ఇవ్వాలి. కూర్మారావు చెడ్డవాడేమీ కాదు. ఫ్యాను ఆవిడ వైపు తిప్పాడు, మంచినీళ్ళు తెప్పించాడు. "చెప్పమ్మా, ఆ రోజు ఏం జరిగిందో మొదట్నించీ చెప్పు" అన్నాడు మెత్తగానే.

"తెల్లారగట్ల లెగిసినాడు బావు. గెంజి తాగినాడు, ఎండుసేప నంజుకున్నాడు. సొక్కా గుండీ ఊడిపోనాదంటే కుట్టినాను. తెల్ల దారం నేదు, నల్ల దారంతోటే కుట్టినాను. అది సూసి నవ్వినాడు. గుమ్మం దిగి మళ్ళీ ఎనక్కొచ్చినాడు, అగ్గిపెట్టి మర్సిపోనాడు. 'సందేలకి పచ్చి నెత్తళ్ళు తెస్తాను, సింతకాయ తెచ్చి ఉంచు' అన్నాడు. అనేసి ఎల్లిపోనాడు. నాను తెచ్చి ఉంచినాను బావు. ఆ సింతకాయలింకా సిబ్బిలోనే ఉన్నాయి."

మాట మాటకీ ఆగి ఆగి చెప్పింది. ఒక్కొక్క ముక్కా గుండెలోంచి పెళ్ళగించి ఇచ్చినట్టు చెప్పింది. అప్పటికి పావుగంట అయింది. కూర్మారావు పూర్తిగా రాసుకుని, "పడవ రంగు?" అన్నాడు. నీలం అంది. అతను మసకబడ్డ కళ్ళజోడు తుడుచుకుంటూ కాగితం చూసుకుని నాలిక కరుచుకున్నాడు. పచ్చ అని రాసేశాడు. ఆ కాగితం పక్కకి పడేసి కొత్తది తీశాడు.

"రంగు తప్పు పడిందమ్మా. కొట్టివేతలు ఉండకూడదు. మళ్ళీ మొదట్నించీ చెప్పు."

ఆవిడ కొంచెం తెల్లబోయింది. అయినా చెప్పింది. తెల్లారగట్ల లేచాడు, గంజి తాగాడు, గుండీ కుట్టాను. రెండోసారి చివర్లో తెడ్లు ఎన్ని అన్న దగ్గర లెక్క తేడా వచ్చింది. మళ్ళీ కొత్త కాగితం, మళ్ళీ మొదట్నించీ. మూడోసారి పడవ పొడుగు. నాలుగోసారి, ఒడ్డున పడవ దించింది రేవుకి ఏ పక్కన అన్నది. ప్రతిసారీ మారింది ఒక్క ముక్కే. ప్రతిసారీ మొగుణ్ణి ఆవిడ నిద్రలేపి, గంజి పోసి, గుండీ కుట్టి, గుమ్మం దాటించి, సముద్రంలోకి పంపాల్సి వచ్చింది.

నాయుడు చూస్తూనే ఉన్నాడు. రెండోసారి చెప్పినప్పుడు నవ్వడం పోయింది. మూడోసారి నల్ల దారం పోయింది. నాలుగోసారి అగ్గిపెట్టె లేదు, చింతకాయ లేదు. ఆవిడ కళ్ళు కూడా ఆరిపోయాయి, ఇంకెవరి సంగతో చెబుతున్నట్టు చెబుతోంది. ఏడవడానికైనా మనిషిలో ఏదో ఒకటి మిగిలి ఉండాలి కదా. అయిదోసారి చెప్పడం ముగిశాక కూర్మారావు "వేళ ఎంతన్నావమ్మా, నాలుగా, నాలుగున్నరా?" అని, చూసుకుని, నిట్టూర్చి, ఆ కాగితాన్ని కూడా పక్కకి తోశాడు.

నాయుడు లేచి నిలబడ్డాడు. ఎవరి మీదా గొంతు పెంచి ఎరగడు అతను. ఆ పూట పెంచాడు.

"ఏమండీ, మారింది వేళ ఒక్కటే కదండీ. మిగతాదంతా ఆవిడ ఒకసారి చెప్పిందే కదా. అది ఉంచుకుని ఆ ఒక్కటీ మార్చుకోకూడదా? ఎన్నిసార్లండీ ఆవిణ్ణి మొదట్నించీ తిప్పడం?"

కూర్మారావు కోప్పడలేదు. తెలియనివాడికి చెప్పినట్టు ఓపిగ్గా చెప్పాడు. "ముందు రాసినదాన్ని చూసి రాస్తే అది నకలవుతుంది బాబూ, వాంగ్మూలం కాదు. ఒకసారి పాతదాన్ని నమ్మి నేను మాటపడ్డాను. మొదట్నించీ చేస్తేనే తప్పు రాదు."

నాయుడు ఏదో అనబోయాడు. ఆ మాట ఎవరిదో అతనికి తెలుసు. అక్షరం పొల్లుపోకుండా తనదే. గుండీ కదలడం, సముద్రం చెరిగిపోవడం, నలభై మెట్లు, గదిలో గడియారం, ఒడ్డున ఆగిన బోట్లు, అడుగుచెక్క మీద మొదటి గీత, అన్నీ ఒక్కసారి మీద పడ్డాయి. కూర్చున్నాడు.

ఫారాలు అయిపోయాయని కూర్మారావు లోపలికి వెళ్ళాడు. కొర్లమ్మ అప్పుడు ఈ ఇద్దరి వైపూ తిరిగింది.

"మీరూ ఆపీసోలేనా బావు? మీక్కూడా సెప్పాలా?" అని, జవాబు కోసం ఆగకుండానే మొదలుపెట్టింది. "తెల్లారగట్ల లెగిసినాడు. గుమ్మం దిగినాడు. మళ్ళీ ఎనక్కొచ్చినాడు." అక్కడ ఆగిపోయింది. నుదురు రుద్దుకుంది. "ఎందుకొచ్చినాడో. ఏటో అన్నాడు బావు, ఎల్లినప్పుడు. పొద్దున్న గేపకమే ఉన్నాది." అని బెదురుగా చూసింది. మొగుడు పోయినప్పుడు కూడా ఆ బెదురు ఆవిడ మొహంలో ఉండి ఉండదు.

"వద్దు తల్లీ" అన్నారు మాస్టారు. "నువ్వు ఒకసారి చెప్పావు. నా దగ్గరుంది."

చిన్న పుస్తకం తెరిచి మొదటిసారి ఆవిడ చెప్పింది చెప్పినట్టు చదివారు. గంజి, ఎండుచేప, నల్ల దారం, నవ్వు, అగ్గిపెట్టె. 'సింతకాయ తెచ్చి ఉంచు' అన్న దగ్గరికి వచ్చేసరికి కొర్లమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. ఇందాకటి నుంచీ రాని ఏడుపు అప్పుడు వచ్చింది. మాస్టారు ఆ కాగితం చింపి ఇచ్చారు. ఆవిడకి చదువు రాదు. దాన్ని నాలుగు మడతలు పెట్టి కొంగున ముడేసుకుంది.

కూర్మారావు కొత్త ఫారంతో వచ్చి "చెప్పమ్మా" అన్నాడు. కొర్లమ్మ ఆ ముడి గుప్పిట్లో పట్టుకుని "ఎల్లినాడు. రానేదు" అంది. ఎంత అడిగినా ఇంకొక్క మాట చెప్పలేదు. అతను అదే రాశాడు, రంగూ తెడ్లూ పొడుగూ వేళా సరిగ్గా నింపాడు, వేలిముద్ర వేయించాడు. ఒక్క తప్పు లేదు. ఇంటి దగ్గర ఎల్లాజీ ఆఖరి ఉదయం గురించి దస్త్రంలో ఉన్నది ఆ రెండు ముక్కలే.

తిరుగు బస్సులో సగం దారి దాటాక మాస్టారు కిటికీలోంచి చూస్తూ, "ఆవేళ నిన్ను తిట్టినప్పుడు నేను సగమే చెప్పాను నాయుడూ" అన్నారు. ఆయన మొహంలో ఏమున్నదో నాయుడు తిరిగి చూడలేదు. చూసే ధైర్యం లేకపోయింది.

ఇంటికి చేరగానే నాయుడు చెప్పులు కూడా విడవకుండా కంప్యూటరు ముందు కూర్చున్నాడు. చేసిన మార్పు ఏపాటిదో తెలుసా? సముద్రం కట్టే పనిని గుండీ దగ్గర నుంచి తీసి పైన పెట్టాడు. రోజు మారితేనే, గాలి లెక్క మారితేనే సముద్రాన్ని మళ్ళీ కట్టాలి. లేకపోతే కట్టినదాన్ని ఉంచుకోవాలి. గుండీ కదిలితే పడవ ఒక్కటే కదలాలి. చేతులు కాలాక పట్టుకున్న ఆకులు అవి, ఇరవై నిమిషాల పని. పదిహేను రోజుల కిందట చేసి ఉంటే కూడా ఇరవై నిమిషాలే పట్టేది.

ఆ సోమవారపు సముద్రాన్ని పిలిచాడు. పదకొండు నిమిషాలు చేతులు కట్టుకుని కూర్చున్నాడు. పటం తెర మీదికి వచ్చింది. అప్పుడు గుండీ పట్టుకుని పావు దగ్గర నుంచి జరిపాడు. తెర బిగుసుకోలేదు. పడవ చుక్క అతని వేలికి లోబడి, ముందు దక్షిణానికి వాలి, సగం దాటాక తటపటాయించి, ముప్పావు దగ్గరికి వచ్చేసరికి నిండుగా ఉత్తరానికి తిరిగింది. గురువారం మరపడవవాళ్ళు చూసిన చోటే వెళ్ళి ఆగింది. నాయుడు దాన్ని మంగళవారానికి వెనక్కి తిప్పాడు. మధ్యాహ్నం ఒంటిగంటకి చుక్క ఒడ్డుకి పదకొండు మైళ్ళ దూరంలో ఉంది. పదిన్నరకి బయల్దేరిన బోటు ఒంటిగంటకి ముందే అక్కడికి చేరుతుంది. ఎల్లాజీ ఆ వేళకి చెక్క మీద ఒక గీత గీసి, చొక్కా ఊపుతూ ఉండి ఉంటాడు. నల్ల దారంతో కుట్టిన గుండీ ఉన్న చొక్కా.

నాయుడి చెయ్యి గుండీని వదల్లేదు. సగానికి తెచ్చాడు. మళ్ళీ ముప్పావుకి. మళ్ళీ పావుకి. చుక్క అటూ ఇటూ పరిగెత్తింది. దీపాలు పెట్టే వేళ అయింది. తోటి శిష్యులు వచ్చి చూసి, పలకరించలేక వెళ్ళిపోయారు.

"సగమే మునిగి ఉంటేనండీ? గాలి ఇంకాస్త జోరుగా ఉంటే? అప్పుడైనా దక్షిణానికే పోయేదేమో కదా మాస్టారూ. బోట్లు పంపింది సరైన వైపే అయ్యేదేమో. అప్పుడు కూడా బతికేవాడు కాదేమో. ఇంకొక్కసారి చూస్తానండీ."

మాస్టారు గుమ్మం దగ్గర విడిచిన తన చెప్పుల వైపు చూశారు. తొడుక్కోలేదు. మెల్లగా వచ్చి, గుండీని జరుపుతున్న ఆ చేతి మీద తన చెయ్యి వేసి ఆపారు.

"ఆ లెక్క ఒకసారి అయిపోయింది నాయుడూ" అన్నారు. "ఉంచుకో."